కోడి ఉడికేలోగా

పోయిన ఎండాకాలం నుంచి ఈ చలికాలం మొదలయ్యేదాకా మా ఆవిడ నన్ను ఒక్క మాట కూడా తిట్టలేదు. విన్నవాళ్ళు అదృష్టవంతుడివన్నారు. నేనూ వాళ్ళతోపాటు నవ్వాను. కానీ ఆ నెలలన్నీ నేను మొహం వాచింది ఆ తిట్ల కోసమే. పెరట్లో బట్టలారేస్తూ, పక్క క్వార్టర్ వాళ్ళకి కూడా వినబడేలా రమణమ్మ నన్ను కడిగేసే ఆ గొంతు మళ్ళీ వింటానా అనుకున్నాను.

ఇన్సులిన్ తీసుకుంటూ బయట తినేవాళ్ళు, స్నేహితులతో కూర్చుని గ్లాసు పట్టుకునేవాళ్ళు నాలాంటివాళ్ళు చాలామందే ఉంటారు. వాళ్ళలో ఒకరికైనా పనికొస్తుందని ఇది రాస్తున్నాను. రాస్తే నా మనసు కొంచెం కుదుటపడుతుందన్న స్వార్థం కూడా ఉంది.

మా నాన్న బొబ్బిలి దగ్గర పల్లె నుంచి ఉక్కు ప్లాంటు కడుతున్న రోజుల్లో భిలాయి వచ్చాడు. నేను పుట్టింది క్యాంప్ 1 అనే కార్మికుల బస్తీ సందుల్లో. నాకూ ప్లాంటులోనే ఉద్యోగం వచ్చింది. సెక్టర్ 6లో క్వార్టర్ ఇచ్చారు. నా పని క్రేను నడపడం. షెడ్డు కప్పు కింద, చాలా ఎత్తున ఉండే చిన్న క్యాబిన్‌లో కూర్చుని, కరిగిన ఉక్కు నిండిన బానని ఒక చోటి నుంచి ఇంకో చోటికి మోసుకెళ్ళాలి. కింద మనుషులు పని చేస్తుంటారు. అక్కడ కూర్చుంటే నాకు నేను గొప్పగా కనిపించేవాణ్ణి. అది కూడా ఒప్పుకోవాలి.

షుగరు చాలా ఏళ్ళుగా ఉంది. మాత్రలతో నెట్టుకొచ్చాను. ఆ ఎండాకాలానికి ముందు చలికాలంలో డాక్టరు ఇక మాత్రలతో కాదు, పొద్దున్నా రాత్రీ తిండికి ముందు ఇన్సులిన్ వేసుకోవాలన్నాడు. "సూది వేసుకున్నాక అరగంటలో కంచం ముందు ఉండాలి," అని హిందీలో రెండుసార్లు చెప్పాడు. తల ఊపాను. ప్లాంటులో చెప్తావా అని రమణమ్మ అడిగితే చెప్పేశానన్నాను. చెప్పలేదు. సూది వేసుకునేవాణ్ణి క్రేను ఎక్కనివ్వరని నాకు తెలుసు. పై అధికారులకే కాదు, తోటివాళ్ళకీ చెప్పలేదు. ఇంకో షెడ్డులో ఒకతను ఇన్సులిన్ మొదలుపెడితే మా సాహూ, "అబ్ తో బుడ్ఢా హో గయా," ఇక ముసలాడైపోయాడు అని నవ్వాడు. సాహూ దుర్గ్ పక్క పల్లెటూరి మనిషి, మనసులో ఏమీ ఉంచుకోడు. ఆ నవ్వు నా మీద పడకూడదనుకున్నాను.

ఇలా రెండు చోట్లా దాచాను. తాగడం గురించి ఇంట్లో అబద్ధాలు, సూది గురించి తాగే చోట అబద్ధాలు. కింద పనిచేసే మనుషుల నెత్తి మీద ఆ అబద్ధంతోనే నెలల తరబడి క్రేను నడిపాను. ఏమీ జరగలేదంటే అది నా గొప్ప కాదు.

ఎండలు ముదురుతున్న రోజులు. నైట్ షిఫ్టుల వరస ఆఖరిది దిగి వచ్చాం. ఆ మర్నాడు మాకు సెలవు. నైట్ షిఫ్టు దిగినవాడికి పొద్దున్నే సాయంత్రంలా ఉంటుంది. లోకమంతా పాల ప్యాకెట్లు పట్టుకుని తిరుగుతుంటే మేం మందు దుకాణం తలుపు ఎప్పుడు తీస్తారా అని చూసేవాళ్ళం. ఆ వరస అయిపోయిన రోజు ఉతై రోడ్డు మీద ఒక ధాబాకి వెళ్ళడం ఎన్నో ఏళ్ళ అలవాటు. అక్కడ నాటుకోడి బాగుంటుంది. ఆర్డరు ఇచ్చాకే కోడిని కోస్తాడు, కట్టెల పొయ్యి మీద వండుతాడు, ఎంతసేపు పడుతుందో వాడికే తెలీదు. ఎవరూ అడగరు కూడా. మా వాళ్ళలో ఒక పద్ధతుంది. తాగుతున్నప్పుడు అన్నం మాట ఎత్తకూడదు. అన్నం వచ్చిందంటే సభ ముగిసినట్టే. ఎత్తినవాణ్ణి ఏడాదంతా ఏడిపిస్తారు.

నేనేం చేశానంటే, డ్యూటీ దిగగానే ప్లాంటు బాత్రూంలో తలుపేసుకుని సూది వేసుకున్నాను. రోజూ ఆ వేళకే వేసుకుంటాను కదా. ప్లాంటు హూటరు కూత చెప్పినట్టు బతికిన మనిషిని. వేళ తప్పకపోతే క్రమశిక్షణ అనుకున్నాను. కంచం ఎక్కడుందో ఆలోచించలేదు. ధాబాలో అందరి ముందూ చొక్కా ఎత్తి పొట్టలో పొడుచుకునే ధైర్యం లేక, ఇక్కడే కానిచ్చేస్తే పీడా పోతుందనుకున్నాను.

ధాబాలో నులకమంచాలు వేశారు. ఉల్లిముక్కలు, ముల్లంగి, ఉప్పు, గుప్పెడు వేరుశనగలు పెట్టారు. మొదటి గ్లాసు అయింది. కోడి ఇంకా అరుస్తూనే ఉంది. రెండో గ్లాసు సగంలో నా చేతులు వణికాయి. ఒళ్ళు తేలిపోయింది. ఇవాళ మందు బాగా పట్టిందనుకుని సంబరపడ్డాను. చెమట ధారగా కారుతోంది. ఆ ఎండలో ఎవరికి కారట్లేదు?

"ఏట్రా బావా, రెండుకే తేలిపోనావు?" అన్నాడు అప్పల్రాజు. వాడు క్యాంప్ 1లో మా పక్కింటివాడు. చిన్నప్పట్నుంచి చుట్టరికం లేకపోయినా బావా అనే పిలుస్తాడు.

"దాదా కా ఆజ్ సస్తే మే హో గయా," అన్నాడు సాహూ. నన్ను దాదా అంటాడు. ఇవాళ దాదాకి చవకలో అయిపోయిందని. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వడం ఎలా ఆపాలో తెలియలేదు. కాసేపటికి సాహూ పేరు గుర్తు రాలేదు. ఎదురుగా కూర్చున్న మనిషి పేరు నోట్లో వెతుక్కుంటూ ఉండిపోయాను.

కోడి వచ్చేసరికి నేను మంచం మీద తల వాల్చేశానట. వాళ్ళు తిన్నారు. నా వాటా పొట్లం కట్టించారు. మోటార్ సైకిలు మీద మధ్యలో కూర్చోబెట్టుకుని ఇంటికి తెచ్చారు. వాళ్ళని నేనేమీ అనను. తాగినవాడిని ఇంటికి చేర్చడం కూడా మా పద్ధతే, ఎవర్నీ దారిలో వదలరు.

రమణమ్మ తలుపు తీసింది. ఆ ముఖం నాకు గుర్తుంది. కోపం కన్నా విసుగు ఎక్కువ.

"అక్కా, ఇదుగో బావ వాటా," అంటూ అప్పల్రాజు పొట్లం అందించాడు.

"ఆడి వాటా ఆడి నెత్తినే ఎట్టు. పట్టపగలు, సిగ్గూ సెరం లేదు. వరండాలో పడీండి, దిగేదాకా అక్కడే ఉంటాడు."

నన్ను వరండాలోని మంచం మీద వేశారు. రమణమ్మ పొట్లం దాని పక్క పిట్టగోడ మీద పెట్టింది. లోపలికి వెళ్ళి గడియ పెట్టింది. ఆ చప్పుడు విన్నాను. ఇది మత్తు కాదు, చక్కెర కావాలి అని చెప్పాలనుకున్నానో, చెప్పాననుకున్నానో ఇప్పటికీ తేలదు. నోరు నాది కాదు. మసాలా వాసన మాత్రం వస్తోంది. చెయ్యి చాస్తే అందేంత దూరంలో తిండి. అక్కడితో నాకు జ్ఞాపకం లేదు.

తర్వాతిది విన్నదే. టీ వేళకి మనసొప్పక తలుపు తీసిందట. ఎండలో పడున్న మనిషి ఒళ్ళు చల్లగా, చొక్కా పిండితే నీళ్ళు కారేలా ఉందట. పిలిస్తే పలకలేదు. నోట్లో ఏదైనా పోద్దామని చెంబు తెచ్చింది కానీ పక్కింటాయన ఆపాడు. స్పృహ లేనివాడి నోట్లో ఏదీ పోయకూడదని, ఊపిరికి అడ్డం పడుతుందని చెప్పి, తన కారులో వేసుకుని ఆసుపత్రికి పరిగెత్తించాడు. ఆయన ఆ ఒక్క మాట తెలిసినవాడు కావడం నా అదృష్టం.

గ్లూకోజు ఎక్కుతుంటే మెలకువ వచ్చింది. ముందు చెవులు తెరుచుకున్నాయి. డాక్టరమ్మ ఎవరినో అడుగుతోంది, ఎంతసేపట్నుంచి ఇలా ఉన్నాడని. రమణమ్మ గొంతు, తన వచ్చీరాని హిందీలో: "ఘంటా... ఉస్ సే జాస్తీ. హమ్ సోచా పీకే ఆయా. దర్వాజా హమీ బంద్ కియా."

గంట పైనే అయింది, తాగొచ్చాడనుకున్నాను, తలుపు నేనే వేశాను అని. వార్డులో అంతమంది ముందు, ఎవరూ అడగకుండానే చెప్పింది. నేను మళ్ళీ కళ్ళు మూసుకున్నాను. అది నా జీవితంలో అన్నిటికన్నా పిరికి పని.

డాక్టరమ్మ తర్వాత నాకు విడమరిచి చెప్పింది. తిండి ఆలస్యమైతే ఒంట్లో లివరు తను దాచుకున్న చక్కెర తీసి ఇస్తుందట. తాగితే అది ఆ పని సరిగ్గా చెయ్యలేదట. సూది మాత్రం ఎవరి కోసమూ ఆగదు, తన పని తను చేసుకుపోతుంది. "పైగా వాసన వస్తుంటే చూసేవాళ్ళంతా మత్తనుకుంటారు. సగం ప్రమాదం అదే," అంది. తాగిన చాలా గంటల తర్వాత, నిద్రలో కూడా షుగరు పడిపోవచ్చట. ఆమె తిట్టలేదు. ఆమెకి అంత ఓపిక మిగల్లేదు, నా వెనక ఇంకా బోలెడుమంది రోగులున్నారు.

అక్కడున్నన్ని రోజులూ రమణమ్మ బయట హాల్లో బెంచీ మీదే ఉంది. మా అమ్మాయి స్వాతి కాలేజీ మానేసి టిఫిను తెచ్చేది, తల్లి ముట్టేది కాదు. పక్క మంచం అతని భార్య, పల్లెటూరి ఛత్తీస్‌గఢీ ఆవిడ, తన రొట్టె సగం తుంచి ఈమె చేతిలో పెట్టి, "ఖా లే బహినీ," అనేది. తినేదాకా పక్కనే కూర్చునేదట. పేరు కూడా అడగలేదని రమణమ్మ ఇప్పటికీ బాధపడుతుంది.

ఇంటికొచ్చాం. నేను తయారుగా ఉన్నాను. ఇక మొదలవుతుంది, వారం పాటు సాగుతుంది, చుట్టాలందరికీ ఫోన్లు వెళ్తాయి, పడాలి అనుకున్నాను. ఏమీ లేదు. "టీ తాగుతావా?" అంది. "పడుకుంటావా?" అంది. గొంతు దూదిలా ఉంది.

మర్నాడు చూస్తే వరండా తలుపుకి గడియ లేదు. తనే మరలు విప్పి తీసేసింది. ఆ తర్వాత పగలంతా ఆ తలుపు ఓరగా తెరిచే ఉండేది. ప్లాంటు దుమ్ము వచ్చి పడేది, ఊడ్చేది. కుక్క వచ్చేది, తరిమేది. నేను పేపరు చదువుతూ కాస్త కునుకు తీస్తే నుదుటి మీద చెయ్యి పడేది, చెమట పట్టిందేమోనని. కళ్ళు తెరిస్తే చెయ్యి తీసేసుకునేది.

వానలు మొదలయ్యాక డ్యూటీలో చేరాను. ఈసారి నిజం చెప్పాను. మెడికల్ వాళ్ళు క్రేను నుంచి దింపేశారు. జనరల్ షిఫ్టు, పనిముట్ల గది, నేల మీద బల్ల. దింపడం న్యాయమే. కానీ పైన క్రేను గంట మోగినప్పుడల్లా తల ఎత్తి చూస్తాను. ఆ వేడి, ఆ ఎత్తు, కింద బాన కదిలేటప్పుడు అరచేతుల్లో పాకే ఆ వణుకు, అన్నీ అలాగే ఉన్నాయి నాలో. నా చోట ఇప్పుడు ఇంకో అబ్బాయి. బాగానే నడుపుతాడు.

మందు మీద మనసు పోయిందని కూడా చెప్పను. సాయంత్రం దుకాణం ముందు నుంచి వెళ్తే ఐసుముక్క గ్లాసులో పడ్డ చప్పుడు నాకు వినిపిస్తుంది, అక్కడ గ్లాసులు లేకపోయినా. ఉతై రోడ్డు మంచాలు, సాహూ జోకులు, అన్నం మాట ఎత్తకూడని ఆ దీర్ఘమైన పొద్దుటిపూటలు. వాటితో పోలిస్తే మందు చిన్నదే. సాహూ అప్పుడప్పుడు పనిముట్ల గదికి వచ్చి కూర్చుంటాడు. అప్పల్రాజు రాలేదు. గేటు దగ్గర కనబడితే సైకిలు గొలుసు చూసుకుంటున్నట్టు వంగిపోయేవాడు.

ఒకరోజు వంటింట్లోకి వెళ్ళి రమణమ్మతో అన్నాను. "తప్పు నాది. నువ్వు మనసులో పెట్టుకోకు."

వంకాయలు తరుగుతోంది. "తలుపేసింది నాను కదా," అంది. తల ఎత్తలేదు. "బేగి నీళ్ళు పోసుకో, అన్నం వేళవుతుంది."

ఇంకోసారి అన్నాను. ఇంకోసారి అదే మాట. ఎంత అడిగినా నా తప్పు నా చేతికి ఇవ్వడం లేదు, తన కొంగునే ముడి వేసుకుంది. ఆవిడ సరిగ్గా నిద్రపోవడం లేదని, కళ్ళ కింద నలుపు దిగుతోందని స్వాతి ఒకరోజు నన్ను పక్కకి పిలిచి చెప్పింది. "నాన్నా, అమ్మ చుప్ ఉంటే నాకు డర్ లగ్తా హై. పహలే లాగా చిల్లాయించమను." అమ్మ అరవకపోతే దానికి భయమట. ఎలా చిల్లాయిస్తుంది? నా మీద అరిచిన ఆఖరి రోజున నేను చచ్చిపోబోయాను.

దసరా దాటాక స్వాతి పుట్టినరోజుకి హోటల్‌కి వెళ్ళాం. ఆ రోజు నుంచి బయట తినడం ఎలాగో కొత్తగా నేర్చుకున్నాను. ముందు వేలు గుచ్చి షుగరు చూసుకుంటాను. కంచం కళ్ళ ముందు పడేదాకా సూది బయటికి తీయను. హోటల్ వాడు "బస్ పాంచ్ మినిట్" అంటే అసలే నమ్మను. జేబులో గ్లూకోజు పొడి, బిస్కెట్లు ఎప్పుడూ ఉంటాయి. పక్కన కూర్చున్నవాడు ఎవరైనా సరే చెప్తాను: నాకు ఇన్సులిన్ ఉంది, నేను తిక్కగా మాట్లాడినా, చెమటలు పట్టినా ముందు తీపి ఇవ్వండి, మింగలేకపోతే నోట్లో ఏమీ పెట్టకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళండి అని. మొదటిసారి చెప్పడానికి చచ్చినంత సిగ్గేసింది. తర్వాత వేయలేదు. ఎప్పుడైనా ఒక గ్లాసు తాగాలనుకుంటే ఒకటే, అదీ భోజనంతోనే, తిండికి బదులు ఎప్పుడూ కాదు, ఆ రాత్రి పడుకునే ముందు షుగరు చూసుకోవాలి అని డాక్టరమ్మ చెప్పింది. ఆ ఒకటి కూడా ఇంతవరకూ తాగలేదు. రేపటి మాట చెప్పలేను.

చలి మొదలవుతుండగా అప్పల్రాజు కూతురి నిశ్చితార్థం వచ్చింది. వాడు రాలేదు, భార్య చేత పిలిపించాడు. రమణమ్మ రానంది. చివరికి వచ్చింది, నేను ఒక్కణ్ణే వెళ్తానన్న భయంతో. క్యాంప్ 1 సందులో షామియానా, మధ్యాహ్నం భోజనాలు. షామియానా వెనక మగవాళ్ళ గుంపు. అక్కడ ఏం జరుగుతోందో వాసనే చెబుతోంది.

"దాదా, ఏక్ ఛోటా?" అన్నాడు సాహూ, గ్లాసు చూపిస్తూ.

"ఇన్సులిన్ ఉంది సాహూ. ముందు అన్నం," అన్నాను హిందీలో, నలుగురూ వినేలా. సాహూ నవ్వలేదు. పక్కవాడికి సైగ చేసి కుర్చీ లాగించాడు.

కంచంలో అన్నం, పప్పు, కోడి కూర పడ్డాయి. అందరి ముందే చొక్కా ఎత్తి సూది వేసుకున్నాను. ముద్ద కలపబోతుంటే అప్పల్రాజు వచ్చాడు. నా చెయ్యి పట్టుకున్నాడు.

"బావా, రెండు మాటలు..." అన్నాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. లేచాను. వెనక గోడ దగ్గరికి తీసుకెళ్ళి, "ఆ రోజు నవ్వినాన్రా. నీ కూర పొట్లం కట్టించినాను గాని నోట్లో ఒక్క ముద్ద ఎట్టలేదు," అని ఏడవడం మొదలుపెట్టాడు. నేను ఓదారుస్తున్నాను. వాడు ఇంకో మాట, నేను ఇంకో మాట. కంచం సంగతి మర్చిపోయాను. నిజంగానే మర్చిపోయాను.

మగవాళ్ళ గుంపుని చీల్చుకుంటూ రమణమ్మ వచ్చింది. ఒక చేతిలో నా కంచం.

"ఓ మావా! సూది పొడుసుకుని కబుర్లేటి? అన్నం ఎవుడి కోసం వడ్డించినారు? బుద్ధీ గ్యానం ఉండక్కర్లేదేటి?"

ఆ గొంతు! సందు చివరిదాకా వినబడి ఉంటుంది. అందరూ తిరిగి చూశారు. నన్ను అక్కడున్న సిమెంటు దిమ్మ మీద కూర్చోబెట్టి, కంచం ఒళ్ళో పెట్టింది.

"తిను. నువ్వు కూడా ఇనరా అప్పల్రాజూ, ఏడుపాపి. ఆ రోజు తలుపేసినాను, అవును, నానే ఏసినాను. ఎందుకేసినాను? పాతికేళ్ళు తాగొచ్చి, తాగొచ్చి, మీరే కదా సావుకీ మత్తుకీ తేడా తెలీకండా సేసీసినారు! పెళ్ళాం మొగుడి మొకం సూసి పోల్చుకోలేకపోయిందంటే అది ఎవుడి పాపం? నాదా? నాదేటి? నీది, మావా, నీదే! ఇన్నాళ్ళూ నాను మొయ్యాల, నువ్వు పేపరు సదూకోవాల!"

గొంతు జీరపోయింది. ఆగుతుందనుకున్నాను. ఆగలేదు. మా నాన్నని ఎత్తింది, నా క్రేనుని ఎత్తింది, ప్లాంటులో చెప్పేశానని నేనాడిన అబద్ధాన్ని ఎత్తింది. సాహూకి తెలుగు రాకపోయినా తన వంతు వచ్చిందని అర్థమై గ్లాసు వెనక్కి దాచుకున్నాడు. స్వాతి షామియానా అంచున నిలబడి ఏడుస్తూ నవ్వుతోంది.

"నములుతున్నావా, ఇంటన్నావా? బేగి తిను!"

తల వంచుకుని తింటున్నాను. మొదటి నాలుగు ముద్దలు ఆవిడ చెప్పినట్టే బేగి తిన్నాను. ఆ తర్వాత, కంచం ఖాళీ అయితే ఎక్కడ ఆపేస్తుందోనని, ఒక్కొక్క మెతుకే నెమ్మదిగా తిన్నాను.